పొట్టి చెరుకు

రేవుకు పోయే దారిని రామ్‌దాస్ పటేల్ దున్నుకున్నాడు. ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు. రోడ్డు నుంచి మంజీర ఒడ్డు దాకా పన్నెండడుగుల వెడల్పున బండ్ల బాట ఉండేది. ఇప్పుడు దాని మీద చెరుకు ఉంది. ఊరంతా చూసింది. చూసి ఊరుకుంది. నాలుగేళ్లయింది.

చేపలు పట్టి బతికే గంగపుత్రుల వాడలో రాజమల్లు ఒక్కడే ఊరుకోలేదు. ఊరుకోనందుకు ఆయనకు దక్కినవి కాలి పగుళ్లు మాత్రమే.

ఆ సోమవారం ఆరో దరఖాస్తు పట్టుకుని మండలాఫీసుకు పోయాడు. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివిన చేయి కాబట్టి తానే రాసుకున్నాడు. సర్వేయరు ఆత్మారాం ఆయన్ని చూడగానే అడగకుండానే లేచి, బీరువాలోంచి ఊరి నక్షా తీశాడు. బల్ల మీద పరిచాడు. చుట్టుకుపోకుండా ఒక మూల సిరాబుడ్డి పెట్టాడు, ఒక మూల చాయ్ గ్లాసు పెట్టాడు, మూడో మూల మీద మోచేయి ఆనించాడు. నాలుగో మూల రాజమల్లు పట్టుకున్నాడు. ఆరోసారి కదా, ఎక్కడ పట్టుకోవాలో తెలుసు.

"ఇగో, సూడు. లేదని నేను ఎన్నడన్న అన్ననా? సుక్కలు సుక్కలు గీత ఉన్నది. బండ్ల బాట. సర్కారుదే" అన్నాడు ఆత్మారాం.

"సూపెడ్తనే ఉన్నవు. ఇప్పియ్యకపోతివి."

"ఎట్ల ఇప్పియ్యాలె పెద్దమనిషీ? కొలిచే గొలుసు గుంజాలె గద. మనిషిని మించిన చెరుకు. ఈ కొసకు నిలవడితే ఆ కొస కనవడదు. పటేల్ ఏమంటున్నడు? బాట నా పొలంల లేదు, పక్కోని పొలంల ఉన్నదంటున్నడు. కొలవకుంట నేనెట్ల రాస్త?"

"తోట కొట్టినంక రమ్మన్నవు పోయినేడు. వచ్చిన."

"నేను గూడ వచ్చిన గద. మోకాలు లోతు బురద. నా చెప్పులు ఇంకా ఆడనే ఉన్నయి."

అది నిజమే. చివరి బండి పొలం దాటిన గంటలోనే పటేల్ కాలువ గండి తీసి నీళ్లు పెట్టేవాడు. నరికిన మోళ్లు మళ్లీ చిగురించాలంటే తడి కావాలి అనేవాడు. పదిహేను రోజులు బురద. బురద ఆరేసరికి మోళ్ల నుంచి పిలకలు లేచేవి. పంటను తొక్కుతూ గొలుసు లాగడానికి లేదు. పిలక చెరుకయ్యేది. మళ్లీ ఏడాది.

ఆత్మారాం నక్షా చుట్టాడు. చెడ్డవాడు కాదు. మంచివాడు కావడానికి కావలసినంత ఓపిక లేనివాడు. "కాళ్ల కింద పొడి నేల ఉండాలె. రెండు కొసలు కండ్లకు కనవడాలె. ఒక్క గడియల రాళ్లు పాతిస్త. గురువారం నాడు మీ పక్కూర్ల హద్దుల కొలత ఉన్నది, వస్తున్న. గంతే. గంతకంటె నాతోని కాదు."

రాజమల్లు బల్ల పక్కనున్న గొలుసు సంచి వైపు చూశాడు. తర్వాత దరఖాస్తు మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

"అదేంది, ఇయ్యవా?"

"ఐదు నీ దగ్గర ఉన్నయి గద సారూ. ముందుగాల అవి సదువు."

*

బస్సు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఎదురుగా చెరుకు. ఆకుపచ్చ గోడ. దాని అవతల నది. గాలి ఇటు తిరిగితే నీటి వాసన వస్తుంది. కూతవేటు దూరం. అయినా అక్కడికి పోవాలంటే పక్క ఊరి మీదుగా మూడు మైళ్లు నడవాలి. తెల్లారి వలలో పడిన చేప మూడు మైళ్లు తిరిగి, బస్సెక్కి, బోధన్ చేరేసరికి మెత్తబడేది. మెత్తబడిన చేపను ఎవరూ ముట్టుకోరు. వాడలో సగం మంది వలలు దూలాలకు కట్టేసి చెరుకు కొట్టే కూలికి పోతున్నారు. దారి మింగినవాడి పొలంలోనే. రాజమల్లు మాత్రం ఆ పొలంలో కాలు పెట్టలేదు.

ఆ మూడు మైళ్లు తిరిగి అంజవ్వ వస్తోంది. నెత్తి మీద గంప, గంప కింద చుట్టకుదురు, నోట్లో మాట సిద్ధంగా. వరసకు రాజమల్లు భార్యకు చెల్లెలు. బావను ఏమైనా అనగల మనిషి వాడలో ఆమె ఒక్కతే.

"ఏమాయె బావా? సర్వేయర్ సారు బిడ్డనిస్తనన్నడా? ఎన్నిసార్లు పోతవు గాడికి?"

"గంప దించు. ఏం దొరికినయి?"

"దొరికినయి, ఎండకు సచ్చినయి. వాసన సూడు." గంప దించి, మెడ అటూ ఇటూ తిప్పుకుంది. "పటేల్‌కు చెరుకు కొట్టుడు పర్మిట్ వచ్చిందంట. గురువారం మొదలువెట్టి మూడు దినాలల్ల ఫ్యాక్టరీకి చేర్చాలెనంట. మనుషులు లేరు. సగం మంది పసుపు తవ్వుడుకు ఏర్గట్ల దిక్కు పోయిరి. మేస్త్రి హన్మాండ్లు ఇంటింటికీ తిరుగుతున్నడు, కూలి ముఠా నిండక."

రాజమల్లు వంగి గంపలో చేపలు తిరగేశాడు.

"నేను గూడ పోత" అంది ఆమె, ఎవరో వద్దన్నట్టు. "సిగ్గులేదా అంటవు. లేదు. అక్క పాడె ఎనుక రేవుకు గీ చెరుకు సుట్టు తిరిగిననాడే అది వోయింది. గట్టు మీద నిలవడి పటేల్ ఏమన్నడో యాదికున్నదా? చెరుకు పైలం అన్నడు."

"యాదికున్నది."

"ఉంటే ఏం జేసినవు? కాయితాలు రాసినవు."

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. రాజమల్లు చెరుకు వైపే చూస్తున్నాడు. రోడ్డు మీది నుంచి అది గోడే. కానీ నదిలో తెప్ప మీద కూర్చుని చూస్తే వేరే. చెరుకు పూత తలల మధ్య ఒకచోట పల్లం కనపడుతుంది, దువ్విన జుట్టులో పాపిట లాగా. మూడు చలికాలాల నుంచి ఆయన దాన్ని చూస్తున్నాడు. నాలుగు తరాల బండిచక్రాలు తొక్కి రాయి చేసిన నేల అది. పటేల్ ట్రాక్టరుతో పైపైన గీకించి ముచ్చెలు, విత్తనపు చెరుకు ముక్కలు, నాటించాడు. నాటించగలిగాడు కానీ పెంచలేకపోయాడు. అక్కడ చెరుకు బొటనవేలు లావు మించదు, భుజం దాటదు. తోటంతా ఒక మూల నుంచి వరసగా కొట్టుకుంటూ పోయేవాళ్లు కాబట్టి ఆ పొట్టి చెరుకును విడిగా చూసినవాడు లేడు.

ఇంటికి పోయి చూరులోంచి చెరుకు కత్తి తీశాడు. తుప్పు పట్టింది. గడప ముందు నూరుడు రాయి వేసుకుని, నీళ్లు చల్లి, ఒక్కో వైపు పొద్దుగూకే దాకా నూరాడు.

*

బుధవారం పొద్దున పటేల్ స్వయంగా వాడకు వచ్చాడు. మోటారు సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి, ఇంజను ఆపకుండానే, ముఠా మేస్త్రి హన్మాండ్లును పిలిచాడు.

"ఎంతమంది అయిన్రురా?"

"పదకొండు పటేలా. ఇంకొకలు కావాలె."

"నేనొస్త" అన్నాడు రాజమల్లు, గడప మీద నుంచి.

ఇంజను చప్పుడులో సరిగ్గా వినలేదేమో అన్నట్టు పటేల్ ఇంజను ఆపాడు. అంజవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

"ఎవరూ, రాజమల్లు పటేలా?" రామ్‌దాస్ వెక్కిరింతగా నవ్వాడు. "ఏమో అనుకున్న. మంత్రి దాక పోతవనుకుంటి. ఆఖరుకు కత్తి వట్టుకుంటివి?"

"పనుంటే చేస్త. లేకుంటే లే."

"పనున్నది. మరి దరఖాస్తులో?"

"ఇంక రాయను."

"అందరి ముందట చెప్పు."

రాజమల్లు లేచి నిలబడ్డాడు. నూరిన కత్తి గోడకు ఆనించి ఉంది. దాని వైపు చూడకుండా, వాడ వినేటట్టు చెప్పాడు. "ఇంక నేను దరఖాస్తు రాయను."

పటేల్ తల ఊపాడు. గెలిచినవాడు ఊపే తీరే. మోటారు సైకిలు పోయాక వాడలో ఎవరూ రాజమల్లు ముఖం చూడలేదు. హన్మాండ్లు మాత్రం దగ్గరికి వచ్చి, "మంచి పని చేసినవన్న. పెద్దోనితోని మనకెందుకు?" అన్నాడు. అంజవ్వ చేటలోని నూకలు విసురుగా నేల మీద దులిపింది.

"అయిపాయె. అక్కకు మొగడు గూడ సచ్చిండు" అంది, కోళ్లకు చెప్పినట్టు.

ఆయన కత్తి తీసుకుని లోపలికి పోయాడు.

*

ఆ వాడ ముఠాకు ఒక కట్టుబాటు ఉంది. తోటలో దిగినప్పుడు వయసులో పెద్దవాడు మొదటి దెబ్బ వేయాలి. ఆయన ఏ సాలు పట్టుకుంటే మిగతావాళ్లు దాని పక్క సాళ్లు పట్టుకోవాలి. పెద్ద కత్తిని దాటి చిన్న కత్తి ముందుకు పోగూడదు. పోతే ఆ దెబ్బ కొట్టినవాడి కాలి మీదే పడుతుందని నమ్మకం. కాలు పోగొట్టుకున్న ఇద్దరి పేర్లు కూడా చెప్తారు.

నాలుగేళ్లుగా ముఠాలో పెద్ద హన్మాండ్లే. కాలువ గట్టు మూల నుంచి మొదలుపెట్టేవాడు. గురువారం పొద్దున కూడా అలవాటుగా ఆ మూలకే నడిచాడు. చేతులకు గుడ్డపేలికలు చుట్టుకుంటూ మిగతావాళ్లు వెనక నడిచారు. రాజమల్లు నడవలేదు. రోడ్డు వెంట ఇంకా ముందుకు పోయాడు. పోయి పోయి తోట నడిమధ్యన ఆగాడు. అక్కడ రోడ్డు పక్క కాలువ మీద పాత రాతి పలకలు రెండు గడ్డిలో కూరుకుపోయి ఉన్నాయి. బండ్లు దాటడానికి ఎవరో ఏనాడో వేసినవి. పలకల మీదుగా దాటి, వంగి, చెరుకు మొదలు పట్టుకున్నాడు.

"ఓ రాజన్నా! గాడికెల్లి గాదు, ఇటు రా!" హన్మాండ్లు అరిచాడు.

కత్తి పడింది. ఒకటే దెబ్బ, నేలకు ఆనించి. చెరుకును చేతిలో తిప్పి ఆకు దూసి, తల నరికి, పక్కన పడేశాడు. బొటనవేలు లావు చెరుకు.

"అన్నా, నడుమలకెల్లి కొడ్తే పటేల్ సంపుతడే!"

"మొదటి దెబ్బ పెద్దోనిదా, నీదా?"

హన్మాండ్లు అక్కడే నిలబడిపోయాడు. ముఠా ఇటు చూసింది, అటు చూసింది. పెద్ద కత్తి పడ్డాక ఇంకో చోట దిగడానికి ఎవరికీ కాలు రాలేదు. అంజవ్వ ముందుగా కదిలింది. వచ్చి పలకల మీద నిలబడి, రాజమల్లు నరికిన చెరుకు ఒకటి ఎత్తి చూసింది. దాని పొట్టి గణుపులు వేలితో తడిమింది. తర్వాత తలెత్తి, ఆ సాలు పోయే దిక్కుకు చూసింది. నది దిక్కు.

"ఓ బావా" అంది మెల్లగా. కొంగు నడుముకు బిగించి పక్క సాలు పట్టుకుంది.

ఆమె వెనక పెంటవ్వ వచ్చింది, ఆ వెనక మిగతా ఆడవాళ్లు, ఆ తర్వాత మగవాళ్లు. హన్మాండ్లు ఆఖరున వచ్చాడు, తిట్టుకుంటూ. నాలుగు సాళ్ల వెడల్పు. ముందు నలుగురు నరుకుతూ పోతే, వెనక నలుగురు ఆకు దూస్తూ, మిగతావాళ్లు ఆకునే మెలిపెట్టి కట్టలు కట్టి రెండు పక్కలకు పేరుస్తూ వచ్చారు. సన్న చెరుకు కాబట్టి పని వేగంగా సాగింది. అంచులకు లావు చెరుకు తగిలినప్పుడల్లా రాజమల్లు వదిలేశాడు.

"గది ముట్టకు" అనేవాడు. "పొట్టిదాన్నే కొట్టు."

తోటలో మూడు వంతులు పోయాక సాలు ఒక దిక్కుకు, పొట్టి చెరుకు ఇంకో దిక్కుకు విడిపోయాయి. అక్కడ నేలలో బండ ఉంది. పాత బాట దాన్ని తప్పించుకుని ఎడమకు వంగేది. రాజమల్లు సాలు వదిలేశాడు. పొట్టి చెరుకు ఎటు పోతే కత్తి అటు పోయింది. చెమట కళ్లలోకి దిగుతోంది, ఆకు అంచులు మెడను కోస్తున్నాయి, నడుము సగంలోనే పట్టేసింది. లేవలేదు. లేస్తే మళ్లీ వంగలేనని ఆయనకు తెలుసు.

ఎండ నెత్తికెక్కే వేళకు కత్తికి ఎదురుగా చెరుకు లేదు. వెలుతురు ఉంది. ఒక ఇసుక దిబ్బ, దాని కింద రేవు మెట్లు, మెట్ల కింద మంజీర.

అప్పుడు లేచాడు. వెనక్కి తిరిగాడు. రెండు పక్కలా నిలువెత్తు చెరుకు గోడలు. మధ్యలో పన్నెండడుగుల దారి, బండ దగ్గర వంపు తిరిగి, సన్నగా రోడ్డు దాకా. రోడ్డు మీద పోతున్న ఎర్ర బస్సు కనపడింది. నాలుగేళ్ల తర్వాత రేవు నుంచి బస్సు కనపడింది.

పెంటవ్వ మెట్లు దిగి మోకాళ్ల దాకా నీళ్లలోకి పోయి, రెండు దోసిళ్లు ముఖాన కొట్టుకుని ఏడ్చింది.

"అంజీ" అన్నాడు రాజమల్లు. "పక్కూర్ల సర్వేయర్ సారు ఉన్నడు. నేల పొడిగున్నది, కొసలు రెండూ కనవడుతున్నయని చెప్పు. గంతే చెప్పు."

ఆమె అప్పటికే పరుగు తీసింది.

*

బండ్లు మాట్లాడి పటేల్ బోధన్ నుంచి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పలకల దగ్గర మోటారు సైకిలు ఆపి, దిగి, అలాగే నిలబడ్డాడు. అతని కళ్ల ముందు తన తోట రెండు ముక్కలై ఉంది. ఆ నడుమ నుంచి నది మెరుస్తోంది.

"ఎవడు చెప్పిండ్రా నడుమలకెల్లి కొట్టుమని?"

"కొట్టుమన్నవు. కొడ్తున్నం" అన్నాడు రాజమల్లు. చెట్టు కింద కూర్చున్నవాడిలా ఒక చెరుకు కట్ట మీద కూర్చుని ఉన్నాడు. "యాడికెల్లి కొట్టాల్నో నువ్వు చెప్పలే."

"నీయవ్వ, నాటకాలా? హన్మాండ్లూ! గండి తియ్యి. నీళ్లు ఇడువు. ఇప్పుడే!"

హన్మాండ్లు పార పట్టుకున్నాడు. రెండడుగులు వేశాడు. ఆగాడు. పటేల్‌ను భయం భయంగా చూస్తూ అన్నాడు. "ఇడుస్త పటేలా. ఇడిస్తె మరి బండ్లు ఎట్ల దిగుతయి? తోటంత నిలవడే ఉన్నది. రేపు, ఎల్లుండి కొట్టి మొయ్యాలె గద. బురదల ఎడ్లు దిగవడ్తె పర్మిట్ పోతది."

పటేల్ కాలువ వైపు చూశాడు, చెరుకు వైపు చూశాడు. ప్రతి ఏడూ ఆఖరున చేసే పని అది. ఈ ఏడు ఆఖరు ముందుకు వచ్చి కూర్చుంది.

"అందర్ని ఎల్లగొడ్త! ఇంకో ముఠాను తెస్త!"

"తే" అన్నాడు రాజమల్లు. "ఏర్గట్లల పసుపు తవ్వుతున్నరు. ఆడికి పోయి పిలువు."

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సమయానికే తొలి బండ్లు వచ్చాయి. బండివాళ్లకు ఈ గొడవ తెలియదు. చెరుకు కట్టలు ఎక్కడ ఉంటే బండి అక్కడికి పోవాలి. పలకల మీదుగా ఎడ్లను అదిలించి, బాట మీదికి తోలారు. పటేల్ మాట్లాడి తెచ్చిన బండ్లే, పటేల్ చెరుకు కోసమే, రోడ్డు నుంచి రేవు దాకా వరసగా పోయాయి. చక్రాలు కూరుకుపోలేదు. పక్కన మెత్తటి నేల, మధ్యన గట్టి నేల. బండివాళ్లు అనుకోకుండానే గట్టి నేలను పట్టుకుని పోయారు.

ఆత్మారాం అంజవ్వ వెనక చెమటలు కక్కుతూ వచ్చాడు. పలకల మీద నిలబడి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, నది దాకా చూశాడు. సంచిలోంచి నక్షా తీసి చూశాడు. మళ్లీ బాటను చూశాడు. బండ దగ్గరి వంపు మీద వేలు పెట్టి, నెమ్మదిగా, "అబ్బ" అన్నాడు.

"సారూ, ఇది నా తోట. కూలోళ్లు కొట్టుకుంట పోయిన్రు. దాన్ని బాట అంటరా?" పటేల్ అడ్డం వచ్చాడు.

"కొలిస్తె తెలుస్తది గద పటేలా. మీరే అన్నరు, బాట నా పొలంల లేదని. లేకుంటె మీకే మంచిది." గొలుసు ఒక కొస హన్మాండ్లుకు ఇచ్చాడు. "గుంజు."

గొలుసు నేల మీద ఇనుప చప్పుడు చేస్తూ పోయింది. వాడ అంతా అప్పటికి రోడ్డు మీదికి చేరింది. రెండు సార్లు కొలిచారు. చుక్కల గీత ఎక్కడ ఉందో పొట్టి చెరుకు మోళ్లు అక్కడే ఉన్నాయి, అడుగు అటూ ఇటూ కాకుండా. ఆత్మారాం పంచనామా రాశాడు. రాళ్లు పాతించాడు. గుంతలు తవ్వడానికి మగవాళ్లు పోటీ పడ్డారు. సాక్షి సంతకం దగ్గర హన్మాండ్లు తటపటాయించాడు. పటేల్ చూస్తున్నాడు.

"నా యేలు వాపస్ పోదు" అని అంజవ్వ ముందుకు వచ్చి వేలిముద్ర వేసింది. హన్మాండ్లు ఆమె తర్వాత వేశాడు.

"చెరుకు మీదే పటేలా, తీస్కపొండి" అన్నాడు ఆత్మారాం, కాగితం మడుస్తూ. "రాళ్లు మాత్రం ముట్టకుండ్రి. సర్కారు రాళ్లు."

ఆ సాయంత్రం దూలాలకు కట్టిన వలలు దిగాయి. డప్పు ఎవరు తెచ్చారో తెలియదు. ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని బండ్ల వెనకాలే నడిచారు, నీళ్లు అవసరం లేనివాళ్లు కూడా. శుక్రవారం తెల్లారి తొలి బస్సుకు చేపలు ఎక్కాయి. గంపలో ఇంకా కొట్టుకుంటున్నాయి.

*

రాజమల్లు ఆ డప్పు వెంట పోలేదు. శుక్రవారం, శనివారం పటేల్ తోటలోనే ఉన్నాడు. పని ఒప్పుకున్నాడు, పని చేశాడు. లావు చెరుకు కొట్టాడు, ఆకు దూశాడు, కట్ట కట్టాడు. శనివారం ఆఖరి బండి కదిలాక కత్తిని గుడ్డతో తుడుస్తుంటే పటేల్ వచ్చాడు. ఈసారి నడిచి వచ్చాడు.

"రాజమల్లూ. అయ్యిందేదో అయ్యింది." అతను గొంతు తగ్గించాడు. "రేపు పంచాయతికాడ నలుగురు కూడుతున్నరు. నువ్వొక్క మాట అనాలె. పటేల్ తనంతట తానే ఇడిసిపెట్టిండని. గంతే. నీకు పోయేదేమున్నది? తొవ్వ ఎట్లనో వడ్డది గద."

రాజమల్లు తుడవడం ఆపలేదు.

"నేను జెయ్యి వట్టుకుని అడుగుతున్న."

"అట్ల అనను."

"మరి? ఊరంత చెప్పుకుంట తిరుగుతవా, పటేల్‌ను గెలిచిన్నని?"

"ఇట్ల గూడ అనను." కత్తికి గుడ్డ చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "తొవ్వ వడ్డది. నడిచేటోడు నడుస్తడు. దాని ముచ్చట ఇగ నా నోట రాదు. నీ తోని రాదు, ఎవ్వని తోని రాదు. నా ముందట నువ్వు తియ్యకు."

పంచాయతీకి పోలేదు. గంగపుత్రుల సంఘంవాళ్లు శాలువా తెచ్చినప్పుడు తలుపు తీయలేదు. నిజామాబాద్ నుంచి పేపరు మనిషి వచ్చి, ఎట్లా జరిగిందో చెప్పమని అడిగాడు. అంజవ్వను అడుగు అన్నాడు. అంజవ్వ పొద్దుగూకే దాకా చెప్పింది. అంతసేపూ రాజమల్లు గడప మీద కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. మధ్యలో ఒకసారి ఆ మనిషి తిరిగి, ఇది నిజమేనా తాతా అన్నాడు.

రాజమల్లు దారం పళ్లతో కొరికాడు. ఇంకో చిరుగు వెతుక్కున్నాడు.